తల్లి పేరు

"ఇంటికి దీపం ఇల్లాలు" అనే సామెత తెలుగునాట పుట్టినవారెవ్వరికీ కొత్తది కాదు. ఆ దీపానికి ఒక పేరున్నదా, ఉంటే ఆ పేరుతో ఆమెను పిలిచేవారెవరు, ఆ పేరు ఏ కాగితం మీద వ్రాయబడి ఉన్నది అన్న ప్రశ్నలను మాత్రం సామాన్యంగా ఎవరూ వేసుకోరు. పేరు అల్పవిషయంగా తోస్తుంది. కాని లోకవ్యవహారంలో పేరు లేనిదే సాక్ష్యం లేదు; సాక్ష్యం లేనిదే హక్కు లేదు. బిడ్డను కన్న తల్లి "ఈ బిడ్డ నాది" అని ఒక అధికారి ముందు నిరూపించుకోవలసిన దినం వచ్చినప్పుడు, ఆమె చేతిలో ఉండవలసినది తన పేరు వ్రాసిన ఒక్క కాగితం. ఆ కాగితం కోసం మన కాలంలోనే ఒక దేశపు స్త్రీలు పోరాడవలసివచ్చింది. ఆ దేశం ఆఫ్ఘనిస్తాన్. ఆ కథ మనకు దూరపు కథగా కనిపించవచ్చు. అది ఎంత దగ్గరిదో తెలియాలంటే హైదరాబాదు పాతబస్తీలోని ఒక పేటనుండి బయలుదేరటం మంచిది.

చార్మినారుకు దక్షిణంగా శాలిబండ దాటి పోతే ఛత్రినాక వస్తుంది. లాల్‌దర్వాజా, గౌలిపురా, ఉప్పుగూడ, ఫలక్‌నుమా దాని ఇరుగుపొరుగు పేటలు. తెలుగు మాట్లాడే కుటుంబాలూ, దక్కనీ ఉర్దూ మాట్లాడే కుటుంబాలూ దగ్గర దగ్గరగా కాపురముంటున్న ప్రాంతమిది. ఇక్కడ గృహిణిని పిలిచే తీరు గమనింపదగినది. ఒక గుమ్మం ముందు "మహేశ్ వాళ్ళమ్మా!" అని పిలుపు, మరొక గుమ్మం ముందు "సలీం కీ అమ్మీ!" అని పిలుపు. ఇరుగుపొరుగువారికి ఆమె వదినె, అక్క, ఆపా, ఖాలా. భర్త పదిమందిలో ఆమెను గురించి చెప్పవలసివస్తే "మా ఇంట్లోవాళ్ళు" అని ఊరుకుంటాడు. భాషలు రెండైనా మర్యాద ఒక్కటే. పాతకాలపు ఇల్లాలు కూడా భర్త పేరు నోట పలకదన్నది నిజమే. అయితే ఆయన పేరు గుమ్మం మీద పలకపై ఉంటుంది, అంగడి బోర్డుపై ఉంటుంది, పిల్లల ఇంటిపేరుగా ఉంటుంది. ఆమె పేరు పుట్టింటివారి నోట మాత్రమే మిగులుతుంది; వారూ గతించిన తరువాత దానిని ఉచ్చరించేవారే ఉండరు.

ఈ అనామకత్వం ఆమె శ్రమకు కూడా అంటుకొనే ఉన్నది. లాడ్‌బజారుకు పోయే లక్కగాజులకు రాళ్ళు అతకటం, చీరెలపై జర్దోజీ పని చేయటం, అగరువత్తులు చుట్టటం మొదలైన పనులెన్నో పాతబస్తీ ఇళ్ళలో స్త్రీల చేతులమీదుగా సాగుతున్నవి. వంట ముగించి, పిల్లలను బడికి పంపి, మిగిలిన గంటలలో ఆమె ఈ పని చేస్తుంది. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. అది సంతోషింపవలసిన విషయమే. ఆ గుర్తింపు ఊరి పేరుకు దక్కినది. తన గదిలో కూర్చుండి రాళ్ళు అతికిన ఇల్లాలికి లోకం దృష్టిలో ఇంకా పేరు లేదు.

ఛత్రినాక వంటి పేటలకూ, ఆఫ్ఘను పర్వతాలకూ సంబంధమేమని అడుగవచ్చు. నిజాముల కాలంలో సైనికవృత్తిని ఆశ్రయించి రోహిల్లాలు, పఠానులు ఎందరో దక్కనుకు వచ్చి ఇక్కడనే స్థిరపడినారు. ఇటీవలి కాలంలో ఆఫ్ఘను యువతీయువకులు విద్యార్థివేతనాలమీద వచ్చి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకొన్నారు. 2021 ఆగస్టు 15న కాబూలు తాలిబానుల వశమైనప్పుడు స్వదేశంలోని తల్లిదండ్రుల క్షేమం కోసం ఈ నగరంలో తపించిన ఆఫ్ఘను విద్యార్థులున్నారు. కాబట్టి ఆ దేశపు ఇల్లాలి కథ హైదరాబాదుకు పరాయి కథ కాదు.

ఆఫ్ఘను సంప్రదాయంలో స్త్రీ పేరును పరపురుషుల ఎదుట ఉచ్చరించటం కుటుంబ గౌరవానికి భంగమని పలువురి నమ్మకం. ఆమె ఫలానావాని కూతురు, ఫలానావాని భార్య, ఫలానావాని తల్లి. ఒక్కొక్కచోట "సియాసర్" అనగా "నల్లని తల గలది" అని మాత్రమే ఆమెను వ్యవహరిస్తారు. వివాహ ఆహ్వానపత్రికలలో వరుని పేరు, వధువు తండ్రి పేరు ఉంటవి. వధువు పేరు ఉండకపోవటం పరిపాటి. మరణానంతరం సమాధి రాతిమీద కూడా పలుచోట్ల ఆమె పేరు కనిపించదు. పుట్టుక, పెళ్ళి, చావు అనే మూడు ఘట్టాలలోనూ పేరు లేకుండానే ఆమె జీవితం ముగిసిపోగలదు. కొడుకులు లేని ఇళ్ళలో మరొక వింత ఆచారం కలదు. ఒక ఆడపిల్లకు జుట్టు కత్తిరించి, మగదుస్తులు తొడిగి, మగపేరు పెట్టి, "బచా పోష్" అనే పేరిట మగపిల్లవానిగా పెంచుతారు. ఆమె బజారుకు పోవచ్చు, చెల్లెళ్ళకు తోడుగా నడువవచ్చు, అంగడిలో పని చేసి నాలుగు డబ్బులు తేవచ్చు. యుక్తవయస్సు రాగానే ఆ పేరూ పోతుంది, ఆ స్వేచ్ఛా పోతుంది. పేరు మారినంతమాత్రాన ఒక మనిషికి వీధి తెరుచుకోవటం, తిరిగి మారగానే మూసుకొనిపోవటం చూస్తే, పేరు అల్పవిషయమని ఎవరనగలరు?

ఈ ఆచారాల మూలం ఆర్థికంలోనూ, వంశగౌరవంలోనూ ఉన్నది. పఠాను ప్రాంతాలలో "వల్వర్" అనే పేరుతో వరుని పక్షంవారు కన్య తండ్రికి ధనం చెల్లిస్తారు. ధనమిచ్చి తెచ్చుకొన్న కోడలు ఆ కుటుంబపు సొత్తుగా భావింపబడుతుంది. భర్త మరణిస్తే ఆమెను మరిదికో బావగారికో కట్టబెట్టే ఆచారం అందులోనుండి పుట్టినదే. రెండు కుటుంబాల నడుమ హత్యవంటి ఘోరం జరిగినప్పుడు పగ చల్లార్చటానికి నేరస్థుని ఇంటి ఆడపిల్లను బాధితుల ఇంటికి ఇచ్చివేసే "బాద్" అనే పద్ధతి మరీ దారుణమైనది. 2009లో వచ్చిన స్త్రీ హింసా నిర్మూలన శాసనం దానిని నేరంగా ప్రకటించినది. 2021 డిసెంబరులో తాలిబానులు సైతం స్త్రీ సొత్తు కాదనీ, ఆమె సమ్మతి లేనిదే వివాహం చెల్లదనీ ఒక ఆజ్ఞ వెలువరించినారు. ఆజ్ఞలు ఎన్ని వచ్చినా, బాధపడిన స్త్రీ స్వయంగా పోయి ఫిర్యాదు చేసుకొనే ద్వారం మూసి ఉన్నంతకాలం అవి కాగితం మీదనే నిలిచిపోతవి.

ఇటువంటి పరిస్థితులలో 2017లో హెరాత్ నగరంలో లాలే ఉస్మానీ అనే యువతి, ఆమె స్నేహితురాండ్రు "నా పేరు ఎక్కడ?" అన్న ఒక్క ప్రశ్నతో ఒక ఉద్యమం ప్రారంభించినారు. వారు ఆయుధం పట్టలేదు, ఊరేగింపుతో వీధులు దద్దరిల్లజేయలేదు. స్త్రీలను వారి పేర్లతో పిలువుడని పురుషులను కోరినారు. బిడ్డల గుర్తింపుపత్రంలో తండ్రి పేరుతోపాటు తల్లి పేరును కూడా వ్రాయుడని ప్రభుత్వాన్ని కోరినారు. ఆ దేశంలో "తజ్కిరా" అనే ఆ పత్రంలో అంతవరకు తండ్రి పేరు, తాత పేరు మాత్రమే ఉండేవి. ఉద్యమానికి పురుషులలోనూ సానుభూతిపరులు దొరికినారు. ప్రసిద్ధ గాయకుడు ఫర్హాద్ దర్యా తన భార్య సుల్తానా పేరును బహిరంగంగా ప్రకటించినాడు. దూషించినవారు మాత్రం అంతకంటె ఎక్కువ. 2020లో జ్వరపీడితురాలైన ఒక స్త్రీ వైద్యునివద్దకు పోయి మందుచీటీ వ్రాయించుకొని వచ్చింది. ఆ చీటీపై తన పేరు ఉన్నందుకు, ఆ పేరును పరపురుషునికి చెప్పినందుకు, ఆమె భర్తచేత దెబ్బలు తిన్నది. మందు కంటె ముందు పేరు చదివిన భర్త అతడు.

మూడేండ్ల కృషి ఫలించి, 2020 సెప్టెంబరులో అధ్యక్షుడు అష్రఫ్ ఘనీ జనాభా నమోదు చట్టానికి చేసిన సవరణపై సంతకం చేసినాడు. బిడ్డల తజ్కిరాలో తల్లి పేరుకు చోటు లభించినది. ఇది కేవలం మర్యాదకు సంబంధించిన విజయమని భావించరాదు. దీర్ఘయుద్ధాలవల్ల ఆ దేశంలో వితంతువుల సంఖ్య అపారం. తండ్రి మరణించిన బిడ్డను బడిలో చేర్చాలన్నా, వైద్యశాలకు తీసుకొనిపోవాలన్నా, సరిహద్దు దాటించాలన్నా, "ఈమె ఈ బిడ్డకు తల్లి" అని చెప్పే పత్రం అవసరం. మరిది లేక బావగారు తోడు రానిదే కదలలేని వితంతువుకు ఆ ఒక్క పంక్తి ఎంతటి ఆధారమో ఊహించవచ్చు.

పేరు కోసం సాగిన ఈ ప్రయత్నానికి ఆ దేశంలో ఒక పూర్వచరిత్ర కలదు. 1919లో సింహాసనమెక్కిన అమానుల్లా కాలంలో రాణి సొరయా ప్రోత్సాహంతో కాబూలులో బాలికల పాఠశాల, స్త్రీల పత్రిక వెలసినవి. బాల్యవివాహాలను నిరోధిస్తూ శాసనాలు వచ్చినవి. తిరుగుబాటువల్ల 1929లో రాజదంపతులు దేశం విడిచి భారతదేశం మీదుగా ఐరోపాకు ప్రవాసం పోవలసివచ్చింది. ఆ ప్రయాణంలో బొంబాయిలో వారికి ఒక కుమార్తె జన్మించినది. ఆశ్రయమిచ్చిన నేలను తలచుకొని ఆ బిడ్డకు "ఇండియా" అని పేరు పెట్టినారు. తరువాత 1964 రాజ్యాంగం స్త్రీలకు ఓటుహక్కు నిచ్చినది; 1965 ఎన్నికలలో అనాహితా రాతిబ్‌జాద్ మొదలైన స్త్రీలు పార్లమెంటులో ప్రవేశించినారు. అంటే ఆఫ్ఘను స్త్రీకి స్వాతంత్ర్యం నిన్న మొన్న బయటినుండి వచ్చి పడినది కాదు. వారు దానిని పలుమార్లు సంపాదించుకొన్నారు, పలుమార్లు పోగొట్టుకొన్నారు, తిరిగి తిరిగి అడుగుతూనే ఉన్నారు.

సాహిత్యంలో ఈ అనామక స్త్రీ స్వరం ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. పష్తో భాషలో "లండయ్" అనే రెండు పాదాల పద్యం కలదు. మొదటి పాదంలో తొమ్మిది, రెండవ పాదంలో పదమూడు అక్షరాలు. నీళ్ళకు పోయే దారిలో, పెళ్ళి ఇండ్లలో స్త్రీలు వీటిని కూర్చి పాడుకొంటారు. ప్రేమ, విరహం, యుద్ధం, ముసలి మగనిపై ఎత్తిపొడుపు అన్నీ ఆ రెండు పాదాలలోనే. మన తిరగలి పాటలకు, దంపుళ్ళ పాటలకు కర్తలెవరో తెలియనట్లే వీటికీ కర్తల పేర్లు తెలియవు. ఆ తెలియకపోవటమే వారికి రక్షణ. పద్యం ఎవరిదో తెలియనంతకాలం దానిలోని సత్యానికి ఎవరినీ దండించటం సాధ్యం కాదు.

పేరు చెప్పి వ్రాసినందుకు కలిగిన ఫలితాన్ని నాదియా అంజుమన్ జీవితం తెలుపుతుంది. ఆమె హెరాత్‌లో 1980లో జన్మించినది. మొదటి తాలిబాను పాలనలో బాలికల చదువు నిషిద్ధమైనప్పుడు, ఆ ఊరి స్త్రీలు కుట్టుపని నేర్చుకొనే మిషతో ఒక ఇంట కూడి సాహిత్యం చదువుకొనేవారు. విశ్వవిద్యాలయపు ఆచార్యుడొకరు వారికి రహస్యంగా పాఠం చెప్పేవాడు. కాపలావారు వస్తే చేతిలోని పుస్తకం దాగి సూది బయటికి వచ్చేది. నాదియా ఆ కుట్టుబడిలో తయారైన కవయిత్రి. 2005లో ఆమె తొలి కవితాసంపుటి వెలువడినది. అదే సంవత్సరం నవంబరులో, ఇరువదినాలుగేండ్ల ప్రాయంలో, నెలల బిడ్డను వదలి ఆమె మరణించినది. తాను కొట్టిన మాట నిజమేనని, చంపలేదని భర్త చెప్పుకొన్నాడు. ఆమె పేరు మాత్రం ఆమె పుస్తకంపై నిలిచి ఉన్నది.

దుఃఖమే ఈ స్త్రీల చరిత్ర కాదు. కాబూలు అంచున "జనాబాద్", అనగా స్త్రీల నివాసం అని పిలువబడే ఒక కొండ కలదు. 1990ల దశకంనుండి యుద్ధవితంతువులు ఒక్కరొక్కరుగా వచ్చి ఆ కొండవాలుపై ఇండ్లు కట్టుకొన్నారు. పుట్టింటికి బరువై, అత్తింట సేవకురాలై బ్రతకటం కంటె సొంత గోడల మధ్య ఆకలితో ఉండటం మేలని తలచినవారు వారు. రాత్రులందు తామే మట్టి కలిపి, ఇటుకలు మోసి గోడలు లేపేవారు. అనుమతి లేదని అధికారులు వచ్చి కూల్చితే మళ్ళీ కట్టేవారు. ఒకరి బిడ్డను మరొకరు చూచుకొంటూ, అక్షరం వచ్చినవారు రానివారికి నేర్పుకొంటూ, తమకంటూ ఒక పేట నిలుపుకొన్నారు. కుటుంబంలో చోటు దొరకని స్త్రీలు తామే ఒక కుటుంబమైనారు.

2021 తరువాత ఆ దేశంలో పరిస్థితి తిరిగి విషమించినది. ఆరవ తరగతి దాటిన బాలికలకు బడి మూతపడినది. 2022 మార్చిలో తెరుస్తామని చెప్పి, పిల్లలు పుస్తకాలతో వచ్చిన ఉదయమే మళ్ళీ మూసివేసినారు. అదే సంవత్సరం డిసెంబరులో విశ్వవిద్యాలయాలనుండి స్త్రీలను తొలగించినారు. 2024 డిసెంబరులో మంత్రసాని విద్య, నర్సింగు నేర్పే సంస్థలు కూడా వారికి మూసుకొనిపోయినవి. ఉన్నతపాఠశాల చదువు కోల్పోయిన బాలికలు కనీసం 14 లక్షలమంది అని యునెస్కో 2024 ఆగస్టులో ప్రకటించినది. వీటన్నిటిలో కుటుంబజీవితాన్ని లోతుగా గాయపరచినది 2022 మేలో వచ్చిన ఆజ్ఞ. స్త్రీ ముఖం కప్పుకోకపోతే శిక్ష ఆమె తండ్రికి, భర్తకు, లేక సోదరునికి. ఉద్యోగం పోవచ్చు, చెర ప్రాప్తించవచ్చు. ఈ విధంగా ప్రతి ఇంటి పురుషుడూ ఇష్టం ఉన్నా లేకున్నా కావలివాడు కావలసివచ్చింది. అటువంటి ఇళ్ళలోనే రహస్యంగా బడులు నడుస్తున్నవి. కూతురిని ఆ బడికి పంపే తండ్రులూ, చెల్లెలికి తోడుగా నడిచే అన్నలూ ఉన్నారు. వీరినికూడా తలచుకోవటం న్యాయం.

ఇది ఒక మతంవల్ల వచ్చిన దోషమని తేల్చివేయటం సులభం. అది సత్యం మాత్రం కాదు. ఖదీజా, ఆయిషా, ఫాతిమా అనే పేర్లు ఎరుగని ముస్లిం బాలుడు ఉండడు. ప్రవక్త భార్యల పేర్లు, కుమార్తెల పేర్లు పదునాలుగు శతాబ్దాలుగా బహిరంగంగా ఉచ్చరింపబడుతున్నవి. ఇదే పాతబస్తీలో దబీర్‌పురానుండి మొహర్రం పదవనాడు బయలుదేరే ఊరేగింపు బీబీ ఫాతిమా స్మృతిలో నిలిపిన "బీబీ కా ఆలం"ది. వేలాదిమంది పురుషులు ఆ తల్లి పేరు తలచుకొని కన్నీరు పెడతారు. ఆషాఢంలో లాల్‌దర్వాజా సింహవాహినీ మహంకాళికి బోనమెత్తేవారు అమ్మవారిని నోరార పేరుపెట్టి పిలుస్తారు. ఆరాధించే స్త్రీకి పేరుండి, అన్నం పెట్టే స్త్రీకి పేరు లేకపోవటం శాస్త్రంవల్ల వచ్చినది కాదు, అలవాటువల్ల వచ్చినది. అలవాటును మార్చుకోవచ్చు.

మార్చుకోవచ్చుననటానికి మన చరిత్రలోనే నిదర్శనాలున్నవి. తెలుగునేలను ఏలిన శాతవాహనులు తల్లుల పేర్లతో ప్రసిద్ధులు: గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి. గౌతమీ బాలశ్రీ నాసిక్ గుహలో వేయించిన శాసనంలో తన పేరు చెప్పుకొని కుమారుని కీర్తిని లోకానికి చాటినది. సింహాసనం తండ్రినుండి కుమారునికే సంక్రమించేది గనుక దానిని మాతృస్వామ్యమనరాదు. అయినా తల్లి పేరు చెప్పుకోవటం చక్రవర్తికి చిన్నతనం కాలేదన్నది స్పష్టం. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ళలో భండారు అచ్చమాంబ "అబలా సచ్చరిత్ర రత్నమాల"లో స్త్రీల చరిత్రలను పేరుపేరున సేకరించినది. హైదరాబాదులో సుగ్రా హుమాయూన్ మీర్జా ఉర్దూలో "అన్నిసా" పత్రిక నడిపి, 1934లో బాలికల పాఠశాల స్థాపించినది. నేటి పాతబస్తీలో సుల్తాన్‌షాహీ కేంద్రంగా కవయిత్రి జమీలా నిషాత్ 2002లో ప్రారంభించిన "షాహీన్" సంస్థ గృహహింసకు గురైన స్త్రీలకు అండగా పనిచేస్తున్నది.

శాసనాలు కూడా మెల్లగా ఈ దారికి వచ్చినవి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1985 సెప్టెంబరునుండి వర్తించే విధంగా హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన హక్కు కల్పించినది. 1999లో గీతా హరిహరన్ అనే రచయిత్రి వేసిన దావాలో, తండ్రి జీవించి ఉన్నప్పటికీ తల్లి కూడా బిడ్డకు సహజ సంరక్షకురాలు కాగలదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టం రేషన్‌కార్డులో ఇంటి పెద్దగా పదునెనిమిదేండ్లు నిండిన స్త్రీలలో పెద్దామె పేరు ఉండవలెనన్నది. 2016 డిసెంబరునుండి పాస్‌పోర్టుకు తల్లిదండ్రులలో ఒక్కరి పేరు చాలు. హెరాత్ యువతులు అడిగినది ఇంతకంటె భిన్నమైనది కాదు. మనకు అది కొంత సులభంగా లభించినది. సులభంగా లభించినదాని విలువ తరచుగా మరపున పడుతుంది.

శాసనం కాగితం మీద పేరు వ్రాయగలదు. ఆ పేరును నోటికి తేవలసినది మనుష్యులు. ఈ పనిలో ఉపాధ్యాయులకున్నంత అవకాశం మరెవ్వరికీ లేదు. బడిలో చేరే పిల్లవానిని "మీ నాన్న పేరేమి?" అని అడగటం తరతరాల పద్ధతి. "మీ అమ్మ పేరేమి?" అని కూడా అడిగితే, కొందరు పిల్లలు తడుముకొంటారు. అమ్మ అంటే అమ్మే. ఆమెకు వేరే పేరుంటుందన్న ఆలోచన వారికి కలిగి ఉండదు. ఆ పిల్లవాడు సాయంత్రం ఇంటికి పోయి తల్లిని ఆమె పేరేమిటని అడుగుతాడు. ఛత్రినాకలో లక్కగాజుకు రాయి అతుకుతున్న తల్లి అయినా, జనాబాద్ కొండపై రొట్టె కాలుస్తున్న తల్లి అయినా, ఆ ప్రశ్నకు ఒక క్షణం చేయి ఆపి సమాధానం చెప్పవలసి వస్తుంది. మరునాడు ఆ పేరు బడి పుస్తకంలో అక్షరదోషం లేకుండా, పూర్తిగా వ్రాయబడాలి.